న్యాయం, కాకతాళీయం: ఫ్రీడ్రిష్ డ్యూరెన్‌మాట్ నాటకాలు, నవలలు

బెర్టోల్ట్ బ్రెష్ట్ తరువాతి తరంలో జర్మన్ భాషా నాటకాన్ని ప్రపంచ రంగస్థలాలకు చేర్చిన రచయితలలో స్విట్జర్లండ్‌కు చెందిన ఫ్రీడ్రిష్ డ్యూరెన్‌మాట్ (1921–1990) ముందు వరుసలో నిలుస్తాడు. నాటకాలు, రేడియో నాటకాలు, డిటెక్టివ్ నవలలు, కథలు, తాత్విక వ్యాసాలు విస్తారంగా రాయడమే కాక జీవితాంతం బొమ్మలు కూడా గీసిన ఈయన, ఏ ప్రక్రియ చేపట్టినా చివరికి న్యాయమనే ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగేవాడు. నేరస్థుడు ఎవరో తెలిసినంత మాత్రాన అతనికి తీర్పు చెప్పే అర్హత సమాజానికి దక్కుతుందా, ఆ తీర్పు డబ్బు చేతిలోనో కాకతాళీయంగా జరిగే ఒక చిన్న సంఘటన చేతిలోనో పడితే దాన్ని న్యాయమని పిలవవచ్చా అన్న సందేహాలను ఆయన ప్రేక్షకుల ముందు నవ్విస్తూనే ఉంచాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయి, కుర్చీలో కూర్చున్నవాడికి తన వాటా ఏమిటో తట్టేలా చేయడంలోనే ఆయన ప్రతిభ ఉంది.

1921 జనవరి 5న బెర్న్ కాంటన్‌లోని కోనోల్‌ఫింగెన్ అనే గ్రామంలో ఆయన పుట్టాడు. కాంటన్ అంటే స్విస్ సమాఖ్యలో తనదైన రాజ్యాంగమూ శాసనసభా ఉన్న రాష్ట్రం. తండ్రి రైన్‌హోల్ట్ ఆ ఊరి ప్రొటెస్టెంట్ పాస్టర్ కావడంతో ఇంట్లో బైబిల్ కథలు, వాటితో పాటు గ్రీకు పురాణ గాథలు పిల్లవాడి చెవిన పడుతూ ఉండేవి. దారి తప్పించే నడవాల మధ్య బందీగా బతికే మినోటార్ అనే వృషభ ముఖ మానవుడి కథ ఆయన మనసులో ఎంతగా నాటుకుపోయిందంటే, వృద్ధాప్యం వరకూ అది ఆయన చిత్రాల్లోనూ రచనల్లోనూ మళ్ళీ మళ్ళీ ప్రత్యక్షమవుతూనే ఉంది. తాత ఉల్రిష్ డ్యూరెన్‌మాట్ పత్రికాధిపతి, పార్లమెంటు సభ్యుడు, వ్యంగ్య పద్యాలు రాయడంలో దిట్ట. అలాంటి ఒక పద్యానికి ఆయన పది రోజులు జైల్లో గడపవలసి వచ్చిందన్న సంగతిని మనవడు గర్వంగా చెప్పుకునేవాడు.

1935లో కుటుంబం బెర్న్ నగరానికి మారింది. పల్లెలో పెరిగిన కుర్రవాడికి ఆ నగరపు కమానుల వీధులు, నేలమాళిగలు ఒక చిక్కుదారిలా తోచాయి. చదువులో ఆయన ఏనాడూ రాణించలేదు. 1941 నుంచి జ్యూరిక్, బెర్న్ విశ్వవిద్యాలయాల్లో తత్వశాస్త్రం, జర్మన్ సాహిత్యం చదువుతూ, డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ మీద సిద్ధాంత వ్యాసం రాయాలని సంకల్పించి, అది మొదలుపెట్టకుండానే 1946లో చదువుకు స్వస్తి చెప్పాడు. చిత్రకారుడు కావాలా, రచయిత కావాలా అన్న ఊగిసలాట చాలాకాలం సాగింది. 1946లోనే నటి లోటీ గైస్లర్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఈ విద్యార్థి దశ అంతా రెండవ ప్రపంచ యుద్ధంతో ముడిపడి ఉందన్న విషయాన్ని గుర్తుంచుకోవాలి. నలువైపులా నాజీ జర్మనీ, దాని మిత్రుల సైన్యాలు మోహరించి ఉండగా తటస్థ దేశమైన స్విట్జర్లండ్ ఆ విధ్వంసానికి దూరంగా బయటపడింది. పక్క దేశాల్లో లక్షల మంది చనిపోతుంటే సురక్షితంగా కూర్చుని చూసిన తరానికి చెందినవాడు కాబట్టే, చేతికి మట్టి అంటనివాడు నిర్దోషి అవుతాడా అన్న ప్రశ్న ఆయనకు పుస్తకాల్లో దొరికిన చర్చనీయాంశం కాక, సొంత దేశం వేసిన ప్రశ్న అయింది.

ఆయన నాటకకర్తగా ఎదగడానికి జ్యూరిక్‌లోని షౌష్పీల్‌హౌస్ అనే నాటకశాల ఆలంబన అయింది. హిట్లర్ పాలన నుంచి తప్పించుకుని వచ్చిన యూదు, వామపక్ష నటీనటులకు యుద్ధకాలంలో ఆశ్రయమిచ్చిన ఈ రంగస్థలం, జర్మనీలో నిషిద్ధులైన బ్రెష్ట్ వంటి రచయితల కొత్త నాటకాలను ఆ రోజుల్లోనే ప్రదర్శించింది. 1947 ఏప్రిల్‌లో డ్యూరెన్‌మాట్ తొలి నాటకం ‘ఇలా రాసి ఉంది’ అక్కడే తొలిసారి రంగస్థలం ఎక్కింది. పదహారో శతాబ్దంలో జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరాన్ని స్వాధీనం చేసుకుని దైవరాజ్యం ప్రకటించిన అనబాప్టిస్టులు, అంటే పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని వాదించిన క్రైస్తవ వర్గం, దీనికి ఇతివృత్తం. మత విశ్వాసాన్నీ ఉన్మాదాన్నీ ఇంత దగ్గరగా చూపినందుకు హాల్లో ఈలలు, కేకలు చెలరేగాయి; కొత్త రచయిత పేరు మాత్రం ఒక్క రాత్రిలో అందరికీ తెలిసింది. 1949లో వచ్చిన ‘మహా రోములస్’ ఇంతకంటే పరిణత రచన. సామ్రాజ్యం కూలిపోతుంటే చివరి రోమన్ చక్రవర్తి కోళ్ళు పెంచుకుంటూ, వాటికి రాజుల పేర్లు పెట్టి, ఏది ఎన్ని గుడ్లు పెట్టిందో ఆరా తీస్తూ కనిపిస్తాడు. సోమరిగా అనిపించే ఈ మనిషి నిజానికి నెత్తుటితో కట్టిన తన సామ్రాజ్యానికి తానే తీర్పు చెప్పి, దాన్ని కావాలనే కూలనిచ్చాడని క్రమంగా తెలుస్తుంది. అయితే చావుకు సిద్ధపడ్డ అతనికి శత్రువు ఇచ్చింది పెన్షన్. త్యాగం చేసే భాగ్యం కూడా దక్కని వీరుడు ఈ నాటకంతోనే ఆయన సాహిత్యంలోకి అడుగుపెట్టాడు.

పేరు వచ్చినా డబ్బు రాలేదు. బీల్ సరస్సు ఒడ్డున లీగెర్ట్స్ అనే ద్రాక్షతోటల గ్రామంలో భార్యాపిల్లలతో కాపురం, దానికి తోడు జీవితాంతం వదలని మధుమేహం. ఈ ఇబ్బందుల్లో ఒక పక్షపత్రికకు ధారావాహికగా డిటెక్టివ్ నవల రాసేందుకు ఆయన ఒప్పుకున్నాడు. 1950 డిసెంబరులో మొదలైన ఆ సీరియలే ‘న్యాయమూర్తి, అతని తలారి’. బతుకుతెరువు కోసం పట్టిన పనిలో ఇంతటి కళను సాధించడం అరుదు. బెర్న్ పోలీసు కమిషనర్ బేర్లాఖ్ కడుపు జబ్బుతో చావుకు దగ్గరైన ముసలివాడు. యౌవనంలో టర్కీలో ఉండగా గాస్ట్‌మన్ అనే సాహసికుడితో అతనికి ఒక పందెం పడింది: మనుషుల అంచనాలను కాకతాళీయ ఘటనలు తారుమారు చేస్తాయి కనుక ఏ నేరమూ దాగదని బేర్లాఖ్, ఆ గందరగోళమే నేరాన్ని కప్పిపుచ్చుతుందని గాస్ట్‌మన్ వాదించుకున్నారు, మాట నెగ్గించుకోవడానికి గాస్ట్‌మన్ ఒక వర్తకుణ్ణి బేర్లాఖ్ కళ్ళెదుటే వంతెన మీంచి నీళ్ళలోకి తోసి చంపి, శిక్ష లేకుండా తప్పించుకున్నాడు. దశాబ్దాల తరువాత ఒక పోలీసు అధికారి హత్య జరిగినప్పుడు, ఆ నేరంతో గాస్ట్‌మన్‌కు సంబంధం లేదని తెలిసీ, అసలు హంతకుణ్ణే పావుగా వాడుకుని బేర్లాఖ్ అతన్ని మట్టుపెట్టిస్తాడు. చేసిన నేరానికి పడని శిక్ష చేయని నేరానికి పడింది. దీన్ని న్యాయం అనాలా, మరో హత్య అనాలా అన్నది పాఠకుడికే వదిలేసిన రచయిత, చివరి విందులో రోగి అయిన కమిషనర్ వడ్డించినవన్నీ ఆబగా తింటూ ఎదుట కూర్చున్న హంతకుడికి అతని నేరాన్ని వివరించే దృశ్యాన్ని మరపురాని విధంగా చిత్రించాడు. బేర్లాఖే నాయకుడుగా, నాజీ శిబిరాల్లో మత్తు ఇవ్వకుండా శస్త్రచికిత్సలు చేసిన వైద్యుడి ఆచూకీ తీసే ‘అనుమానం’ దీని తరువాత వచ్చింది. 1952లో నొషాటెల్ నగరం పైనున్న కొండవాలులో కొనుక్కున్న ఇంట్లోనే ఆయన కడదాకా నివసించాడు.

1955లో అచ్చయిన ‘రంగస్థల సమస్యలు’ అనే వ్యాసం ఆయన నాటక దృక్పథానికి తాళంచెవి. విషాద నాటకానికి నేరం, బాధ్యత, ప్రాయశ్చిత్తం అనేవి స్పష్టంగా ఉండాలనీ, ఒక రాజు తప్పు చేసి ఆ ఫలితాన్ని తానే అనుభవించగల ప్రపంచంలోనే అది సాధ్యమనీ ఆయన వాదన. నేటి రాజ్యాలు కంటికి కనిపించని కార్యాలయాల సముదాయాలు; సామూహిక హత్యలు కూడా ఫైళ్ళ మీద సంతకాలతో జరిగిపోతాయి; ఎవరిని అడిగినా తనకేమీ తెలియదంటారు. బాధ్యుడే దొరకని ఇలాంటి కాలానికి హాస్య నాటకం ఒక్కటే తగినదని ఆయన తేల్చాడు. ఇక్కడ హాస్యమంటే కాలక్షేపపు నవ్వు కాదు. భయంకరమైనదీ నవ్వు పుట్టించేదీ ఒకే చోట కలిసిపోయి, చూసేవారిని కలవరపెట్టే వికృత హాస్యాన్నే విమర్శకులు గ్రోటెస్క్ అంటారు. డ్యూరెన్‌మాట్ చేతిలో అది సత్యం చెప్పే సాధనమైంది. ప్రపంచాన్ని మార్చదగినదిగా చూపినప్పుడే రంగస్థలం దాన్ని చూపగలదన్న బ్రెష్ట్ విశ్వాసంతో ఆయన ఏకీభవించలేదు. బ్రెష్ట్ పరిష్కారం వైపు వేలు చూపితే, డ్యూరెన్‌మాట్ కథను దాని అత్యంత దారుణమైన మలుపు వరకూ తీసుకుపోయి అక్కడ వదిలేశాడు.

ఈ సిద్ధాంతానికి సంపూర్ణ రూపం 1956 జనవరి 29న జ్యూరిక్‌లో తొలిసారి ప్రదర్శించిన ‘వృద్ధురాలి రాక’. దీనికి బీజం అప్పటికి వెలుగు చూడని ‘చంద్రగ్రహణం’ అనే ఆయన కథలోనే ఉంది. అందులో కెనడా వెళ్ళి ధనవంతుడైనవాడు కొండపల్లెకు తిరిగొచ్చి, పాత ప్రత్యర్థిని చంపితే ఊరికి డబ్బిస్తానంటాడు. నాటకంలో అతని స్థానంలోకి క్లేర్ జహనాసియన్ అనే స్త్రీ రావడంతో కథ బలం ఎన్నో రెట్లు పెరిగింది. ఫ్యాక్టరీలు మూతపడి, ఎక్స్‌ప్రెస్ రైళ్ళు ఆగడం మానేసిన గ్యూలెన్ అనే దివాలా పట్టణానికి, లోకంలోకెల్లా ధనవంతురాలిగా మారిన ఆ ఊరి ఆడపడుచు వస్తుంది. పదిహేడేళ్ళ వయసులో తనను గర్భవతిని చేసి, ఇద్దరు సాక్షులకు సారాయి పోయించి కోర్టులో దొంగసాక్ష్యం చెప్పించి, తన బతుకును వేశ్యాగృహం పాలు చేసిన ఆల్ఫ్రెడ్ ఇల్ ఇప్పుడు అక్కడ గౌరవనీయుడైన దుకాణదారు, కాబోయే మేయర్. ఊరికి వంద కోట్లు ఇస్తానంటుంది క్లేర్. ఇల్‌ను ఎవరైనా చంపాలన్నదే ఆమె షరతు. మానవత్వం పేరిట ఆ సొమ్మును తిరస్కరిస్తున్నామని మేయర్ ప్రకటించగానే చప్పట్లు మోగుతాయి. ఆమె కాచుకుని ఉంటానంటుంది.

అక్కడి నుంచి నాటకకర్త చేసిన పని అతి నిశితమైనది. ఒక్కరు కూడా ఇల్‌ను చంపుతామని అనరు. అతని దుకాణానికే వచ్చి ఖరీదైన సిగరెట్లు, మంచి బ్రాందీ, చాక్లెట్లు కొని ఖాతాలో రాసుకోమంటారు. ఒకరి వెంట ఒకరుగా అందరి కాళ్ళకూ కొత్త పసుపుపచ్చ బూట్లు కనబడతాయి. వీళ్ళంతా ఏ రాబడి చూసుకుని అప్పు చేస్తున్నారో ఇల్‌కు తెలిసిపోతుంది. రక్షణ కోరి వెళితే పోలీసు నోట్లో కొత్త బంగారు పన్ను మెరుస్తుంది, పాస్టర్ చర్చికి కొత్త గంట వచ్చి ఉంటుంది. పారిపోదామని స్టేషన్‌కు వెళితే, సాగనంపే నెపంతో చుట్టూ మూగిన జనం మధ్య నుంచి అతను రైలెక్కలేకపోతాడు. చివరకు పాత్రికేయులు, కెమెరాల సమక్షంలో సభ జరిపి, డబ్బు కోసం కాదు, న్యాయం కోసమే కానుక స్వీకరిస్తున్నామని చేతులెత్తి తీర్మానిస్తారు. ఆ తరువాత గుంపు మధ్యలో ఇల్ చనిపోతే వైద్యుడు గుండెపోటు అని ధ్రువీకరిస్తాడు, పత్రికలు ఆనందంతో పోయాడని రాసుకుంటాయి. ఇల్ నిజంగా నేరస్థుడే. క్లేర్ కోపం నిజంగా న్యాయమైనదే. అయినా ఊరు జరిపించింది హత్యే. ఊళ్ళో ఒక్క దుర్మార్గుడు కూడా లేకుండా, మర్యాదస్తులైన మామూలు మనుషులు వాయిదా పద్ధతిలో హంతకులు కావడాన్ని ఇంత స్పష్టంగా చూపిన నాటకం ఆధునిక సాహిత్యంలో మరొకటి లేదనే చెప్పాలి. నేరాన్ని అంగీకరించి, చావుకు తలవంచి, చివరకు ఇల్ ఒక్కడే మనిషిగా ఎదుగుతాడు. క్లేర్ పాత్రను తొలిసారి పోషించిన టెరెజా గీజ, నాజీల కారణంగా మ్యూనిక్ విడిచి వచ్చిన యూదు నటి. 1958లో పీటర్ బ్రూక్ దర్శకత్వంలో ఈ నాటకం న్యూయార్క్ చేరి, రచయితకు అంతర్జాతీయ ఖ్యాతిని, ఆర్థిక నిశ్చింతను తెచ్చిపెట్టింది.

అదే కాలంలో వచ్చిన ‘బ్రేక్‌డౌన్’లో కారు చెడిపోయి ఒక రాత్రి ఆశ్రయం కోరిన సేల్స్‌మన్‌ను, సరదాకు కోర్టు ఆట ఆడుకునే విశ్రాంత న్యాయమూర్తి, ప్రాసిక్యూటర్, వకీలు ముద్దాయిని చేస్తారు. తన పైఅధికారి మరణానికి తానే పరోక్షంగా కారకుడినని ఆ ఆటలో తేలేసరికి, సాదాసీదా బతుకుకు ఏదో గొప్పతనం వచ్చినట్టు అతను పొంగిపోతాడు. కథలో అతను ఉరి వేసుకుంటాడు. రేడియో నాటకంలో మాత్రం పొద్దున్నే అన్నీ మరిచి కారెక్కి వెళ్ళిపోతాడు. రెండో ముగింపే ఎక్కువ భయపెడుతుంది.

1958 నాటి ‘వాగ్దానం’ పుట్టుక చిత్రమైనది. చిన్నపిల్లల మీద జరిగే అఘాయిత్యాల గురించి తల్లిదండ్రులను హెచ్చరించే సినిమాకు ఆయన కథ సమకూర్చాడు. సినిమాలో పోలీసు అధికారి తెలివిగా హంతకుణ్ణి పట్టుకుంటాడు. ఈ ముగింపు అబద్ధమని తోచి, అదే కథను నవలగా తిరగరాస్తూ దానికి ‘డిటెక్టివ్ నవలకు చరమగీతం’ అని ఉపశీర్షిక పెట్టాడు. హత్యకు గురైన బాలిక తల్లికి మాట ఇచ్చిన మత్తేయి అనే అధికారి ఉద్యోగం వదులుకుని, హంతకుడు వచ్చే దారిని సరిగ్గా ఊహించి, అక్కడ పెట్రోలు బంకు పెట్టి, ఒక చిన్నపిల్లను ఎరగా ఉంచి ఎదురుచూస్తాడు. అతని లెక్క అక్షరాలా సరైనదే. కానీ హంతకుడు ఆ దారిలోనే కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ సంగతి తెలియని మత్తేయి ఏళ్ళ తరబడి అదే బంకు ముందు తాగుడుకు బానిసై, మతి చలించి కూర్చుని ఉంటాడు. తర్కంతో చిక్కుముడి విప్పి పాఠకుడికి ఊరటనిచ్చే డిటెక్టివ్ నవల సంప్రదాయాన్ని ఇంత నిర్దయగా, అంతే కరుణతో ప్రశ్నించిన రచన అరుదు. డ్యూరెన్‌మాట్ నవలల్లో దీనికే అగ్రస్థానం ఇవ్వాలి.

‘భౌతిక శాస్త్రవేత్తలు’ 1962 ఫిబ్రవరిలో జ్యూరిక్‌లో ప్రదర్శితమైంది. అణ్వస్త్రాల పోటీ తీవ్రంగా ఉన్న రోజులవి. తటస్థ స్విట్జర్లండ్ కూడా అణుబాంబు సమకూర్చుకోవాలన్న ఆలోచనను ఆ దేశ ప్రభుత్వం 1958లోనే బయటపెట్టింది, అణ్వస్త్రాలను నిషేధించాలన్న ప్రతిపాదనను 1962 ఏప్రిల్‌లో అక్కడి ప్రజలు ఓటుతో తిరస్కరించారు. నాటకం ఒక మానసిక చికిత్సాలయంలో నడుస్తుంది. తాము న్యూటన్, ఐన్‌స్టీన్ అని చెప్పుకునే ఇద్దరు రోగులతో పాటు, సాల్మన్ రాజు తనకు దర్శనమిస్తాడనే మ్యోబియస్ అక్కడ ఉంటాడు. నిజానికి మ్యోబియస్ మహా శాస్త్రవేత్త. తన ఆవిష్కరణలు మానవజాతిని తుడిచిపెట్టగలవని గ్రహించి పిచ్చివాడిగా నటిస్తున్నాడు. మిగిలిన ఇద్దరూ అతని కోసం వచ్చిన రెండు అగ్రరాజ్యాల గూఢచారులు. రహస్యం కాపాడుకోవడానికి ముగ్గురూ తమ నర్సులను చంపుతారు. మ్యోబియస్ రాతప్రతులను తగలబెట్టి, పిచ్చాసుపత్రిలోనే ఉండిపోదామని మిగిలిన ఇద్దరినీ ఒప్పిస్తాడు. అప్పటికే ఆ ఆసుపత్రి అధినేత్రి ఆ కాగితాలన్నిటికీ నకళ్ళు తీసుకుని, ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకునే సంస్థను నిర్మించేసింది. సాల్మన్ రాజు ఆదేశాలు నిజంగానే తనకు అందుతున్నాయని నమ్మే ఆమె ఒక్కతే అక్కడి అసలు పిచ్చిమనిషి. ఒకసారి ఆలోచించినదాన్ని వెనక్కి తీసుకోవడం అసాధ్యమనీ, శాస్త్రం అందరికీ చెందిన విషయం కనుక దాని పర్యవసానాలను ఒక్కడు తన త్యాగంతో ఆపలేడనీ ఈ నాటకం చెబుతుంది. 1962–63లో జర్మన్ భాషా రంగస్థలాలపై అత్యధికంగా ఆడిన నాటకం ఇదే.

ఆ శిఖరం తరువాత నాటకకర్తగా ఆయన ప్రభ తగ్గింది. 1966లో వచ్చిన ‘ఉల్క’ను మినహాయిస్తే తరువాతి నాటకాలకు ఆ స్థాయి ఆదరణ దక్కలేదు. 1968లో బాజెల్ నగర నాటకశాల నిర్వహణలో భాగస్వామి అయి, గుండెపోటు, విభేదాల నడుమ మరుసటి ఏడాదే తప్పుకున్నాడు; 1973లో ‘సహకరించేవాడు’ ఘోరంగా విఫలమైంది. విమర్శకులు ఆయన పని అయిపోయిందని భావించిన ఆ సంవత్సరాల్లోనే, రాయని కథల చరిత్రనూ స్వీయచరిత్రనూ కలిపి అల్లిన ‘ఇతివృత్తాలు’ అనే బృహత్తర గద్యరచన రూపుదిద్దుకుంది. 1981లో మొదటి భాగం, 1990లో రెండోది వెలువడ్డాయి. 1986 నాటి ‘నియామకం’ అనే నవలికలో ఇరవై నాలుగు అధ్యాయాలు ఉంటే, ఒక్కో అధ్యాయం ఒకే ఒక్క సుదీర్ఘ వాక్యం. ప్రతి ఒక్కరూ మరొకరి నిఘాలో బతికే లోకాన్ని ఇందులో చిత్రించిన ఆయనకు, జర్మన్ సాహిత్యంలో అత్యున్నత పురస్కారమైన గియోర్గ్ బ్యూష్నర్ బహుమతి అదే ఏడాది లభించింది. 1983లో లోటీ మరణించగా, మరుసటి ఏడాది నటి, చిత్ర దర్శకురాలు షార్లొట్టె కెర్‌ను వివాహమాడాడు.

పౌరుడిగా కూడా ఆయన మౌనంగా ఉన్నవాడు కాదు. లక్షల మంది పౌరులపై స్విస్ పోలీసులు రహస్య ఫైళ్ళు నడిపారన్న సంగతి 1989లో బయటపడి దేశం అట్టుడికింది. 1990 నవంబరు 22న చెకోస్లొవేకియా అధ్యక్షుడు, నాటకకర్త అయిన వాత్స్లావ్ హావెల్ గౌరవార్థం జరిగిన సభలో, స్విట్జర్లండ్‌ను ఖైదీలే కాపలాదారులుగా కూడా ఉండే చెరసాలగా వర్ణిస్తూ డ్యూరెన్‌మాట్ మాట్లాడాడు. తాము బయట లేమని, లోపల ఉన్నందువల్లే భద్రంగా ఉన్నామని నమ్మే ఖైదీలు తమ స్వేచ్ఛను నిరూపించుకోవడానికి తమకు తామే కావలి కాస్తున్నారన్న ఆ ఊహ శ్రోతల్లో ఉన్న ప్రముఖులకు మింగుడుపడలేదు. మూడు వారాలకే, డిసెంబరు 14న, డెబ్బయ్యో పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు నొషాటెల్ ఇంట్లో గుండె ఆగి ఆయన కన్నుమూశాడు.

తనను ఇంతగా విసిగించిన దేశానికే ఆయన తన రాతప్రతులన్నీ ఇచ్చేశాడు; స్విస్ సాహిత్యానికి ఒక జాతీయ భాండాగారం నెలకొల్పాలన్నది అందుకు పెట్టిన షరతు. ఆ ప్రకారం 1991లో బెర్న్‌లో స్విస్ సాహిత్య భాండాగారం ఏర్పడి, ఇతర రచయితల పత్రాలకు కూడా నిలయమైంది. ఆయన ఇంటిని ఆనుకుని వాస్తుశిల్పి మారియో బొట్టా రూపొందించిన కేంద్రంలో 2000 నుంచి ఆయన చిత్రాలు ప్రదర్శనలో ఉన్నాయి. ‘వృద్ధురాలి రాక’ దేశాలు దాటి కొత్త జన్మలెత్తుతూనే ఉంది. 1992లో సెనెగల్ దర్శకుడు జిబ్రిల్ జోప్ మంబెటీ దాన్ని ‘హైనాలు’ పేరుతో ఆఫ్రికా పల్లెకు తీసుకుపోయి సినిమాగా మలిచాడు. ‘వాగ్దానం’ ఆధారంగా షాన్ పెన్ తీసిన హాలీవుడ్ చిత్రం 2001లో వచ్చింది. డ్యూరెన్‌మాట్ ముఖ్య రచనలన్నీ ఇంగ్లీషు అనువాదాల్లో సులువుగా దొరుకుతాయి. కొత్తగా చదవబోయేవారు ‘వాగ్దానం’తో మొదలుపెట్టి ‘వృద్ధురాలి రాక’కు వెళ్ళడం మేలు, తెలుగు నాటక సమాజాలు ఆ రెండో దాన్ని తమ వేదిక మీదికి తెచ్చుకుంటే, గ్యూలెన్ పౌరుల పసుపుపచ్చ బూట్లకు ఇక్కడి ప్రేక్షకులకు వ్యాఖ్యానం అవసరం ఉండదు.